గోడలు లేని కట్టడం: జగర్గుండా అంగడి

పురాతన వాణిజ్య కట్టడాలను గురించిన రచనలు సాధారణంగా రాయితో ఆరంభమై గడియార స్తంభంతో ముగుస్తాయి. ఎవరు కట్టించారు, ఏ సంవత్సరంలో పూర్తయింది, తోరణాలు ఏ శైలికి చెందినవి, ఎవరి పేరు పెట్టారు అన్న నాలుగు ప్రశ్నలకు సమాధానాలు దొరికితే చరిత్ర పూర్తయిందనుకోవటం ఒక అలవాటుగా స్థిరపడింది. హైదరాబాదులోని మొజంజాహీ మార్కెట్ వంటి కట్టడాల విషయంలో ఈ పద్ధతి కొంతవరకు సరిపోతుంది. అక్కడ రాయి ఉంది, గడియారం ఉంది, రాకుమారుని పేరు ఉంది. అయితే ఊరి నడిబొడ్డున వ్యాపారం సాగి, ఆ వ్యాపారమే ఊరికి పేరు తెచ్చి, చెప్పుకోదగిన భవనం మాత్రం ఒక్కటీ లేని చోట వాణిజ్య కట్టడపు చరిత్రను ఎట్లా రాయాలి? బస్తర్ దక్షిణపు కొసన ఉన్న జగర్గుండా ఈ ప్రశ్నను విమర్శకుని ముందు నిలబెడుతుంది.

జగర్గుండా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని సుక్మా జిల్లాకు చెందిన గ్రామం. 1998 దాకా అవిభక్త బస్తర్ జిల్లాలోనూ, ఆ తర్వాత దంతేవాడ జిల్లాలోనూ, 2012 నుంచి సుక్మా జిల్లాలోనూ దాని పేరు నమోదయింది. జిల్లా పేరు మారినా ఊరి స్థానం మారలేదు. సుక్మా, దంతేవాడ, బీజాపూర్ జిల్లాలు మూడూ కలిసే మూలలో, మూడు దారుల కూడలిలో అది ఉంది. ఒక దారి ఆగ్నేయంగా చింతల్నార్ మీదుగా దోర్నాపాల్ చేరి, జగదల్‌పూర్ నుంచి కోంటా, భద్రాచలం మీదుగా విజయవాడ వైపు వచ్చే జాతీయ రహదారిని కలుస్తుంది. రెండవది ఉత్తరంగా అరన్‌పూర్ మీదుగా దంతేవాడకు పోతుంది. మూడవది పడమటగా సిల్గేర్, బాసగూడల మీదుగా బీజాపూర్‌కు పోతుంది. చింతపండు వ్యాపారానికి ఈ ఊరు పేరు మోయటానికి కారణం చెట్లు మాత్రమే కాదు. చింతచెట్లు బస్తర్‌లో అన్ని ఊళ్లలోనూ ఉన్నాయి. మూడు దారులు ఒకచోట కలవటం మాత్రం అన్ని ఊళ్లకూ దక్కదు.

సంత ఒక కట్టడమేనా?

వాస్తు విమర్శకు పరిచితమైన అర్థంలో బస్తర్ సంత కట్టడం కాదు. వారంలో ఒక రోజు నిండి, ఆరు రోజులు ఖాళీగా ఉండే మైదానం అది. నీడకు రెండు మూడు చెట్లు, అంచున వర్తకుల పెంకుటిళ్లు, ఆ ఇళ్ల ముందు అరుగులు, వెనుక సరుకు నిలువచేసే కొట్లు ఇటువంటి అంగడి ఊళ్లన్నింటిలోనూ కనిపించేవే. వీటిలో ఏ ఒక్కదానినీ పురావస్తు శాఖ రక్షిత జాబితాలో చేర్చే అవకాశం లేదు. కాని కట్టడం అంటే మనుషుల రాకపోకలను, వారి మధ్య దూరాలను, ఎవరు ఎక్కడ ఉండవచ్చునన్న నియమాన్ని స్థిరపరచే ఏర్పాటు అని నిర్వచించుకుంటే సంతను మించిన కట్టడం అడవిలో మరొకటి లేదు.

ఈ దృష్టితో బస్తర్ సంతను చూసిన తొలి రచనలలో ముఖ్యమైనది ఆల్ఫ్రెడ్ జెల్ వ్యాసం. బ్రిటిష్ మానవశాస్త్రవేత్త అయిన జెల్ 1982లో ‘మ్యాన్’ అనే పరిశోధనా పత్రికలో ఉత్తర బస్తర్‌లోని ధోరాయి సంతను వివరిస్తూ దానిని ‘అంగడి చక్రం’గా దర్శించాడు. దూరం నుంచి చూసేవారికి గజిబిజిగా కనిపించే సంతలో నిజానికి ఒక కేంద్రమూ, దాని చుట్టూ వలయాలూ ఉంటాయని అతని ప్రతిపాదన. విలువైన సరుకు అమ్మే పై అంతస్తు వర్తకులు కేంద్రానికి దగ్గరగా కూర్చుంటారు. అంచుకు వెళ్లిన కొద్దీ సరుకు విలువా, అమ్మేవారి సాంఘిక స్థానమూ తగ్గుతూ వస్తాయి. ఏ దిక్కు నుంచి వచ్చినవారు ఆ దిక్కుకే దగ్గరగా చోటు చూసుకుంటారు. ఎవరూ గీత గీయలేదు, ఎవరూ పటం వేయలేదు. అయినా ప్రతి వారమూ అదే చక్రం నేల మీద తిరిగి రూపుకడుతుంది. సమాజం తన క్రమాన్ని తాను చూసుకొనే అద్దంగా సంత పనిచేస్తున్నదన్నది ఆ వ్యాస సారాంశం.

సంతను కేవలం క్రయవిక్రయాల స్థలంగా చూసే అర్థశాస్త్ర దృష్టి నుంచి, దానిని ఒక రూపంగా, ఒక నిర్మాణంగా చూసే దృష్టికి పాఠకుని మరల్చటం జెల్ సాధించిన గొప్ప పని. రాతి మార్కెట్టును చూసి శైలిని గుర్తించే విమర్శకుడు మట్టి మైదానంలోనూ శైలిని గుర్తించగలడని ఆ వ్యాసం నిరూపించింది. అయితే దానికొక పరిమితి ఉన్నది. జెల్ దృష్టి ప్రధానంగా ప్రతీకల మీద ఉంది. చక్రపు వలయాలు అతనికి స్పష్టంగా కనిపించాయి. ఆ చక్రాన్ని నిలబెట్టే ఆకులు, అంటే సంతకు చేర్చే దారులు, ఎప్పుడూ ఉండేవే అన్నట్లుగా నేపథ్యంలో ఉండిపోయాయి. దారులు తెగిపోతే చక్రం ఏమవుతుందన్న ప్రశ్న నాటి ధోరాయిలో ఎదురుకాలేదు. పాతికేళ్లు తిరగకముందే జగర్గుండాలో ఎదురయింది.

కొలత అనే ద్వారబంధం

దారుల సంగతికి ముందు మరొకటి చూడవలసి ఉంది. ప్రతి వాణిజ్య కట్టడానికీ ఒక ద్వారం ఉంటుంది. బస్తర్ సంతకు ద్వారం కొలత. అడవి నుంచి బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చిన స్త్రీ సంత మైదానంలోకి అడుగుపెట్టినంత మాత్రాన అంగడిలోకి ప్రవేశించినట్లు కాదు. ఆమె సరుకు వర్తకుని పైలీలోనో, తక్కెడలోనో పడిన క్షణాన ఆమె అంగడిలోకి ప్రవేశిస్తుంది. ఆ క్షణంలో జరిగే న్యాయమో, అన్యాయమో సంత అనే కట్టడపు అసలు స్వరూపాన్ని నిర్ణయిస్తుంది.

బస్తర్ వాణిజ్య చరిత్రలో ఈ ద్వారం చాలాకాలం ఇరుకుగానే ఉన్నది. ఉప్పు అడవిలో పుట్టదు. దానిని తెచ్చేవాడు బయటివాడు. సారపప్పు వంటి విలువైన అటవీ ఉత్పత్తిని ఉప్పుకు బదులుగా సరికి సరి కొలిచి తీసుకొన్న వ్యాపారం ఆ ప్రాంతంలో ఇటీవలి తరాల దాకా సాగింది. ఉప్పు బరువు ఎక్కువ, వెల తక్కువ. సారపప్పు బరువు తక్కువ, వెల ఎక్కువ. అయినా రెండింటినీ ఒకే కొలతతో ముడిపెట్టగలగటమే వర్తకుని బలం. సంత ఆదివాసికి అవసరమూ, అనుమానమూ కలగలిసిన చోటుగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. 1910లో బస్తర్ సంస్థానాన్ని కుదిపిన భూమ్‌కాల్ తిరుగుబాటులో అంగళ్లు దోపిడీకి గురయ్యాయి, వర్తకుల ఇళ్లూ, అధికారుల ఇళ్లూ, ఠాణాలూ తగులబడ్డాయి, ధాన్యాన్ని పంచిపెట్టారు. అడవిని రిజర్వు చేయటంపై, వెట్టిపై, బయటివారి పెత్తనంపై రగిలిన కోపం సంతను కూడా తన గురిలో చేర్చుకొన్నది. వారం వారం ఉప్పు కోసం వెళ్లే చోటినే లూటీ చేశారంటే, ఆ చోటిని వారు తమదిగా భావించలేకపోయారని అర్థం చేసుకోవాలి.

ఈ ద్వారాన్ని వెడల్పు చేసే ప్రయత్నాలు స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వపరంగా జరిగాయి. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1964లో తునికాకు వ్యాపారాన్ని జాతీయం చేసింది. దానికి ముందే ఆంధ్ర ప్రాంతంలో 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. ఏజెన్సీ సంతలలో చింతపండు, కుంకుళ్లు, అడ్డాకు వంటివి కొని, బియ్యం, ఉప్పు, కిరసనాయిలు వంటివి అమ్మే పద్ధతి తెలుగు పాఠకులకు పరిచితమే. బస్తర్‌లో చింతపండు మాత్రం చాలాకాలం ప్రైవేటు వ్యాపారంలోనే ఉండిపోయింది. ఊరూరా తిరిగి సరుకు పోగుచేసే చిన్న వ్యాపారిని అక్కడ కోచియా అంటారు. ఆదివాసికీ, పట్టణపు మండీకీ నడుమ ఉన్న తొలి మెట్టు అతడే. 1999లో బస్తర్ జిల్లా యంత్రాంగం ‘ఇమ్లీ ఆందోళన్’ పేరుతో గ్రామ సమితుల ద్వారా చింతపండు కొనుగోలుకు పూనుకొన్నది. 2013-14 నుంచి కేంద్ర ప్రభుత్వం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకాన్ని ఆరంభించినప్పుడు తొలి జాబితాలోనే చింతపండుకు చోటు దొరికింది. ధర నిర్ణయం కాగితం మీద జరుగుతుంది. కొలత మాత్రం సంతలో జరుగుతుంది. జగర్గుండా వంటి చోట ఈ రెంటి నడుమ దూరం ఎంతటిదో తర్వాతి చరిత్ర తెలియజేసింది.

ఋతువులు నిర్మించిన కట్టడం

జగర్గుండా అంగడి స్వరూపాన్ని అర్థం చేసుకోవటానికి అడవి పంచాంగం కూడా తెలియాలి. మాఘ ఫాల్గుణాలు మొదలు చింతపండు రాలుతుంది. వేసవి ముదరక ముందే ఇప్పపువ్వు వస్తుంది. ఆ వెనుకనే సారపప్పు, మే నెలలో తునికాకు. వానలు పడితే వాగులు పొంగి దారులు తెగుతాయి. కనుక సంవత్సరపు సంపాదనలో పెద్ద భాగం నాలుగైదు నెలలలోనే చేతులు మారాలి. చింతపండు నిలువ ఉండే సరుకే అయినా, గాలికీ తేమకూ గురైతే నల్లబడి ధర పోగొట్టుకొంటుంది. పెంకు తీయటం, గింజ తీయటం చేతిపని. గింజ తీసిన పండుకు ధర ఎక్కువ. ఆ పనికి తీరిక కావాలి, ఆరబెట్టటానికి నేల కావాలి, వాన రాకముందే దాచటానికి పొడి కొట్టు కావాలి. ఇవేవీ లేనివాడు చెట్టు కింద రాలిన పండును రాలినట్లే, వచ్చిన ధరకే అమ్ముకోవాలి.

అంగడి ఊళ్లలో వర్తకుని ఇల్లు ఈ అవసరాల నుంచే రూపొందింది. ముందు అరుగు బేరానికి, వాకిలి ఆరబోతకు, వెనుక కొట్టు నిలువకు, దారి పక్క జాగా లారీకి. అది అలంకార వాస్తు కాదు. ఒక పంట స్వభావమూ, ఒక ఋతువు గడువూ గోడలుగా, పైకప్పుగా మారిన తీరు. అంతేకాక, ఆ వాస్తులో ఒక అసమానత కూడా ఇమిడి ఉన్నది. పొడి కొట్టు వర్తకునిదే. అది ఉన్నవాడు ధర కోసం వేచి ఉండగలడు. లేనివాడు వేచి ఉండలేడు. సంతలో బేరం ఇద్దరి నోటి మాటలతో జరిగినట్లు కనిపించినా, తీర్పు చెప్పేది మాత్రం వెనుకనున్న ఆ కొట్టే.

ఈ అంగడికి తెలుగునేలతో సంబంధం దూరపుది కాదు. కోంటా ప్రాంతం శబరి నదికి ఆవలి ఒడ్డు. ఆ నది కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. కోయ, దొర్లీ, గోండి, హల్బీ మాటలతో పాటు తెలుగు కూడా అక్కడి సంతలలో వినిపించే భాష. దోర్నాపాల్ దారి పట్టిన మనిషికైనా, సరుకుకైనా భద్రాచలం పరాయి చోటు కాదు. ఆ దారి ఎంత సహజమైనదో తర్వాతి విషాదం మరొక విధంగా నిరూపించింది.

ఆకులు తెగిన చక్రం

2001లో జగర్గుండాలోని గ్రామీణ బ్యాంకు శాఖ నక్సలైట్ల దాడికి గురయింది. ఆ తర్వాత అది మూతబడింది. అంగడి ఊరి నడిబొడ్డున బ్యాంకు మూతపడటం చిన్న విషయంగా కనిపించవచ్చు. నిజానికి అది కట్టడంలో తొలి స్తంభం కూలటం. నగదు దాచుకొనే చోటు లేనప్పుడు సరుకు అమ్మిన డబ్బు ఆ రోజే ఖర్చు కావాలి, లేదా వర్తకుని దగ్గరే ఉండాలి. కొలతలో ఉన్న అసమానతకు అప్పు తోడయ్యే మార్గం అది.

2005 జూన్‌లో బీజాపూర్ ప్రాంతంలో సల్వా జుడుం ఆరంభమయింది. 2006లో అది కోంటా ప్రాంతానికి విస్తరించింది. చుట్టుపక్కల పల్లెలవారిని తెచ్చి ఉంచిన శిబిరంగా జగర్గుండా మారింది. ఊరి చుట్టూ ముళ్లకంచె వెలిసింది. ఒకవైపు మావోయిస్టులు దారులు తవ్వి, వంతెనలు పేల్చి రాకపోకలను అడ్డగించారు. మరొకవైపు కంచె లోపలి వారికీ, బయటి వారికీ మధ్య అనుమానం గోడ కట్టింది. దుకాణాలకు, శిబిరానికి సరుకు కొన్ని నెలలకొకసారి భద్రతాదళాల కాపలాలో కదిలే లారీలలో వచ్చింది. మూడు దారుల కూడలిగా పుట్టిన ఊరు ఏ దారీ లేని దీవి అయింది.

విమర్శ దృష్టితో చూస్తే ఈ కంచె జగర్గుండా చరిత్రలో తొలి ‘ప్రణాళికాబద్ధమైన’ నిర్మాణం. దానికి ద్వారం ఉంది, వేళలు ఉన్నాయి, లోపల ఎవరుండాలి, బయట ఎవరుండాలి అన్న నియమం ఉంది. కాని సంత తన నియమాన్ని వచ్చేవారి నుంచి తెచ్చుకొంటుంది. కంచె ఎవరు రాకూడదన్న దానినే నియమంగా పెట్టుకొంటుంది. బయటి పల్లెలో చింతచెట్టు ఉన్న స్త్రీ లోపలికి వస్తే ఒకరికి అనుమానితురాలు, తిరిగి వెళితే మరొకరికి అనుమానితురాలు. బుట్ట దించే చోటే లేనప్పుడు ధర ఎంతన్న ప్రశ్న పుట్టదు. జెల్ వర్ణించిన చక్రంలో అంచున కూర్చొనే వారి స్థానం తక్కువది. అయినా వారికి ఒక స్థానం ఉన్నది. కంచె ఆ అంచునే కోసివేసింది. అంచు లేని చక్రానికి కేంద్రం కూడా మిగలదని జగర్గుండా వర్తకులు గ్రహించటానికి ఎక్కువ కాలం పట్టలేదు. కొనటానికి సరుకు రాని చోట కొట్టూ తక్కెడా ఎందుకు?

ఈ కాలపు రక్తపాతం జగర్గుండా దారి పొడవునా నమోదయి ఉంది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టుల మాటుదాడిలో 76 మంది భద్రతా సిబ్బంది మరణించారు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామాలలో ఇళ్లు దగ్ధమయ్యాయి. దానిపై సి.బి.ఐ. విచారణకు సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే సంవత్సరం జులై 5న న్యాయమూర్తులు బి. సుదర్శన్ రెడ్డి, ఎస్.ఎస్. నిజ్జర్‌ల ధర్మాసనం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా సాయుధపోరులో వినియోగించటం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర, దోర్నాపాల్–జగర్గుండా రహదారి పనులకు కాపలాగా ఉన్న 25 మంది కేంద్ర రిజర్వు పోలీసులు మావోయిస్టుల దాడిలో మరణించారు. అంగడికి పోయే దారి ఒకటి తిరిగి రూపొందటానికి చెల్లించిన మూల్యం ఇది. ఏ రాతి మార్కెట్టు పునాదిలోనూ ఇంత ఖర్చు ఉండదు.

వేలాదిమంది ఆదివాసులు ఈ కాలంలో ఇళ్లు విడిచి నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవులకు తరలివచ్చారు. గుత్తికోయలన్న పేరుతో తెలుగు పత్రికలలో కనిపించేవారు ఎక్కువగా ఇట్లా వచ్చినవారే. ఒకప్పుడు సరుకు నడిచిన దిక్కునే మనుషులు నడిచారు. మిరప తోటలలో కూలికి చేరిన ఆ కుటుంబాల కథ జగర్గుండా అంగడి చరిత్రకు అనుబంధం కాదు. అందులో ఒక అధ్యాయం.

రాయి నిలిచిన చోట, రాయి లేని చోట

ఇక్కడ ఆరంభంలో పేర్కొన్న మొజంజాహీ మార్కెట్టును మరొకసారి తలచుకోవటం అవసరం. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాదు రూపురేఖలను దిద్దటానికి 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజంజా పేరు మీద 1935లో వెలిసిన ఈ నల్లరాతి మార్కెట్టు ఆ కృషిలో భాగం. కూడలికి అభిముఖంగా గడియార స్తంభం, దానికి ఇరువైపులా రెండు రహదారుల వెంట సాగే దుకాణాల వరుసలు, నడుమ ఆవరణ దాని రూపం. 1980లలో టోకు పండ్ల వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయింది. 2021లో అక్కడి నుంచి బాటసింగారానికి కదిలింది. రాతి కట్టడం మాత్రం తన చోటనే ఉన్నది. కొంతకాలం నిరాదరణకు గురై, 2018లో ఆరంభమైన పునరుద్ధరణ పనుల అనంతరం 2020 ఆగస్టులో కొత్త వెలుగుతో ప్రజల ముందుకు వచ్చింది.

ఆ పునరుద్ధరణ ప్రశంసనీయమైనదే. రాతిపై పేరుకొన్న రంగులు తొలగాయి, గడియారం మళ్లీ వేళ చెప్పింది. కాని దానిని చూసిన కంటితో జగర్గుండాను చూసేవారికి ఒక సంగతి స్ఫురిస్తుంది. హైదరాబాదులో కట్టడం మిగిలింది, దానిని పుట్టించిన టోకు వ్యాపారం వెళ్లిపోయింది. జగర్గుండాలో కాపాడటానికి కట్టడమే లేదు. చెట్లు మిగిలాయి, సరుకు మిగిలింది, దానిని తెచ్చే చేతులు మిగిలాయి. లేకుండాపోయింది ఆ చేతులు నిర్భయంగా వచ్చి, తూకం వేయించుకొని, చీకటిపడే లోపల ఇల్లు చేరగలిగే ఏర్పాటు. వారసత్వ పరిరక్షణ మొదటి దానిని గుర్తించినంత సులభంగా రెండవ దానిని గుర్తించదు. దానికి జాబితాలో గడి లేదు.

తిరిగి తెరుచుకొన్న తలుపులు

2019 జూన్‌లో, పదమూడేళ్ల విరామం తర్వాత, జగర్గుండాలో బడి తిరిగి తెరుచుకొన్నది. 2025 మేలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు అక్కడ శాఖను ఆరంభించింది. 2001 తర్వాత ఒక తరం పిల్లలు పుట్టి పెద్దవారయ్యేంత కాలం గడిచాక ఊరిలో మళ్లీ బ్యాంకు కిటికీ తెరుచుకొన్నది. దోర్నాపాల్ దారి, అరన్‌పూర్ దారి, బాసగూడ దారి ఒకటొకటిగా పక్కా రహదారులుగా రూపొందాయి. ఈ దారుల వెంట భద్రతా శిబిరాలు కూడా వచ్చాయి. 2021 మేలో సిల్గేర్ దగ్గర శిబిరానికి వ్యతిరేకంగా గుమిగూడినవారిపై కాల్పులు జరిగి ప్రాణాలు పోవటంతో అక్కడ దీర్ఘకాలం నిరసన సాగింది. కనుక దారి రావటం ఒక్కటే అందరికీ ఒకే అర్థాన్ని ఇవ్వలేదని గ్రహించాలి. ఒకరికి అది అంగడికి తోవ, మరొకరికి భయం వచ్చే తోవ. ఏది ప్రధానమవుతుందన్నది దాని మీద నడిచేవారి అనుభవం నిర్ణయించవలసిన విషయం.

ఇటువంటి సమయంలో మార్కెట్ అభివృద్ధి అనగానే సిమెంటు అరుగులు, రేకుల షెడ్లు, ప్రవేశ తోరణం వేయటం వాడుక. అవి అవసరం కావచ్చు. ఎండకూ వానకూ నీడ మంచిదే. అయితే వరుసలుగా పోసిన సిమెంటు అరుగులు సంత స్వయంగా రూపొందించుకొనే వలయాన్ని చెరిపివేసి, ముందు వచ్చినవానికి, రుసుము కట్టగలిగినవానికి నీడనిచ్చి, బుట్ట సరుకుతో వచ్చిన స్త్రీని మళ్లీ ఎండలోకే నెట్టే ప్రమాదం ఉన్నది. పాత చక్రం న్యాయమైనదని చెప్పటానికి వీలు లేదు. అది అంచును అంచుగానే ఉంచింది. కొత్త నిర్మాణం ఆ అంచును కేంద్రం వైపు జరపగలిగితేనే అది పాతదానికన్న మెరుగైన వాస్తు అవుతుంది.

అందుకు గీటురాయి సుదీర్ఘమైనది కాదు. ఊరి ఉమ్మడి ఆస్తిగా ఒక పొడి కొట్టు ఉందా, అందులో చింతపండును ఉంచి ధర కోసం ఒక నెల ఆగే వీలు చెట్టు ఉన్నవారికి ఉందా? తక్కెడ అందరికీ కనిపించే చోట ఉందా? మద్దతు ధర ఏమిటో అక్కడివారి మాటలో చెప్పే మనిషి ఉన్నాడా? బ్యాంకు కిటికీ దగ్గర గోండి, దొర్లీ మాటలు చెల్లుతాయా? సంత నుంచి తిరిగి వెళ్లేవారిని బుట్టలో ఉప్పు ఎందుకింత ఉన్నదని ఎవరైనా ఆపి అడుగుతున్నారా? ఈ ప్రశ్నలు వాస్తు విమర్శకు చెందవని అనిపించవచ్చు. కాని మొజంజాహీ మార్కెట్టు తోరణం ఎంత ఎత్తున ఉందన్న ప్రశ్న వాస్తుకు ఎంత సంబంధించినదో, జగర్గుండాలో కొలపాత్ర ఎంత లోతున ఉందన్న ప్రశ్న కూడా అంతే సంబంధించినది.

బస్తర్ గురించి వచ్చిన గ్రంథాలు అడవిని, తెగలను, పోరును విస్తృతంగా చర్చించాయి. 1938లో గ్రిగ్సన్ మారియా గోండులపై రాసిన గ్రంథం మొదలు 2016లో నందినీ సుందర్ వెలువరించిన ‘ద బర్నింగ్ ఫారెస్ట్’ వరకు ఆ వరుస గణనీయమైనది. అంగడి వాటిలో తరచుగా నేపథ్యంగా కనిపిస్తుంది. జగర్గుండా చరిత్ర దానిని ముందుకు తెచ్చి నిలబెట్టాలని కోరుతున్నది. ఒక ప్రాంతం శాంతిగా ఉన్నదా లేదా అన్నదానికి సంతను మించిన సాక్ష్యం లేదు. అక్కడ ఎవరు కూర్చొన్నారు, ఎవరు రాలేదు, ఎవరు పొద్దు ఉండగానే లేచి వెళ్లిపోయారు అన్నది చూస్తే చాలు.

చింతచెట్టు నాటినవానికి కాక అతని మనుమలకు కాపునిస్తుందని పెద్దలు అంటారు. దండకారణ్యపు దారులలో ఆ చెట్లు మధ్యలో జరిగిన దేనినీ లెక్కచేయక ప్రతి ఏడూ కాశాయి. కంచె ఉన్న ఏళ్లలో రాలిన పండు చాలాచోట్ల నేల పాలయి ఉంటుంది. ఇప్పుడు ఆ పండు మళ్లీ బుట్టకెక్కి, దారి దాటి, తక్కెడ చేరుతున్నదంటే కట్టడం తిరిగి లేస్తున్నదని చెప్పవచ్చు. అది ఎంత గట్టిగా లేచిందో చెప్పేది ప్రారంభోత్సవపు రాతిపలక కాదు. సాయంత్రం సంత ముగిసే వేళ ఆ స్త్రీ ఖాళీ బుట్టలో ఇంటికి తీసుకుపోయే ఉప్పూ, బట్టా, చేతిలో మిగిలిన పైకమూ చెబుతాయి.